ఎడారిలో నీళ్ళు తాగనివాళ్ళు

ఎడారిలో మనుషుల్ని కార్లలో తిప్పి, వండిపెట్టి, పడుకోబెట్టి, ప్రాణాలతో వెనక్కి తీసుకురావడం నా వృత్తి. ఈమధ్య అమెరికాలో ఆష్‌బర్న్‌లో ఒక పెళ్ళిలో కొందరు యువకులు నా పక్కన కూర్చుని, తాము కూడా ఇటువంటి ట్రిప్పులు నడపబోతున్నామని, ఏ టైర్లు కొనమంటారని అడిగారు. టైర్ల సంగతి అంగడివాడు చెబుతాడు. అంగడివాడు చెప్పనిది రాస్తున్నాను.

మాది ఒకప్పుడు దివాణం. ఊరూ ఇంటిపేరూ ఇక్కడ అనవసరం. నా కాలానికి భూములు లేవు, ఏనుగులు లేవు, ఆ ఏనుగుల గురించి చెప్పుకునే పెద్దలు మాత్రం ఉండేవారు. నాకు వాటాగా వచ్చింది నిటారుగా కూర్చునే అలవాటు. గతుకుల దారిలో అది నడుముకు మంచిది కాదు. అయినా మానలేదు.

జియాలజీ చదివి, డెబ్బైల చివర యూటా ఎడారిలో యురేనియం వెతికే ఒక కంపెనీలో చేరాను. యురేనియం ధర పడిపోయింది, కంపెనీ మూతపడింది. రాళ్ళ గురించి నాకు తెలిసినదానితో ఎవరికీ అవసరం లేకపోయింది. ఆ రాళ్ళ మధ్య దారులు తెలిసినందుకు మాత్రం వాల్ట్ అనే ఆయన పని ఇచ్చాడు. ఊళ్ళవాళ్ళు తమ ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ళు వేసుకుని వస్తారు. ముందు నా బండి, వెనక వాళ్ళవి. నాలుగైదు రోజులు రోడ్డు లేని చోట తిప్పి తీసుకురావాలి. మా బంధువులు దీన్ని డ్రైవరు పని అన్నారు. నేను ఖండించలేదు. డ్రైవరు పనే. వంట పని కూడా, అది వాళ్ళకి తెలియదు.

వాల్ట్

వాల్ట్ మంచి యజమాని కాదు. దారి బాగుందని కస్టమర్లకు అబద్ధం చెప్పేవాడు. వర్షం వస్తుందని తెలిసీ బుకింగ్ తీసుకునేవాడు. బళ్ళు లాగే పాత తాళ్ళు మార్చమంటే, ఇంకా తెగలేదుగా అనేవాడు. ఇలాంటివాళ్ళ దగ్గర కూడా పని నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో మంచివాళ్ళెవరూ ఆ వ్యాపారంలో లేరు.

ఆయన నాకు నేర్పింది ఒకటే. నేను చేరిన కొత్తలో ఒక ఎండిన వాగు దగ్గర బండి ఆపి, లోపలే కూర్చుని ఇసుక ఎంత లోతుందో అంచనా వేస్తున్నాను. వాల్ట్ తలుపు తీసి పట్టుకున్నాడు. మా తాతగారి కారు తలుపు కూడా అలాగే తీసేవారట. అంతవరకే పోలిక.

"దిగు," అన్నాడు.

"ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది," అన్నాను.

"కనిపిస్తుంది. దిగు. అవతలి గట్టుదాకా నడిచి వెళ్ళి, నడిచి రా. ఆ తర్వాత నువ్వేం చెప్పినా వింటాను."

నడిచాను. సగంలో మోకాలిదాకా దిగబడ్డాను. తిరిగి వచ్చి వేరే దారి చూద్దామన్నాను. ఆయన నవ్వలేదు, అందుకు నాకు ఆయనంటే కొంత గౌరవం కలిగింది. "నడపడం అందరికీ వచ్చు. దిగడమే ఎవరికీ రాదు," అన్నాడు. ఈ వృత్తిలో నేను విన్న పనికొచ్చే మాట అదొక్కటే. మిగిలిన పదేళ్ళూ ఆయన పాత తాళ్ళ గురించి వాదించుకున్నాం.

కస్టమర్లు

ధైర్యవంతులను చూసి భయపడకండి. వాళ్ళు మొదటి రోజే ఏదో ఒక గోతిలో పడి, తర్వాత చెప్పినట్టు వింటారు. ఇంజనీర్లు కొంచెం కష్టం. ఇసుకలోకి వెళ్ళేముందు టైర్లలో గాలి తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా ఉంటుంది. ఒక ఇంజనీరు కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులో అలా లేదని చూపించాడు. మధ్యాహ్నమంతా ఆయన బండిని తవ్వి తీశాం. సాయంత్రం ఆయన టైర్లలో గాలి తగ్గించి, తానే కనిపెట్టినట్టు మిగతావాళ్ళకు వివరించాడు. అడ్డు చెప్పకండి. గాలి తగ్గడం మనకు ముఖ్యం.

నేను భయపడేది మర్యాదస్తుల గురించి. మామూలు అమెరికన్ కస్టమరుకు కాలు నొప్పి వస్తే నలుగురికీ తెలుస్తుంది. మనవాళ్ళకు వస్తే డాక్టరుకు కూడా తెలియదు. డాక్టరు కొడుకే అయినా సరే. ఇది నేను ఊహించి రాయడం లేదు.

కనకమ్మ గారు

ఎనభైల మొదట్లో ఒక సెప్టెంబరు చివర, తెలుగు కుటుంబాలు మూడు కలిసి నాతో ఎడారికి వచ్చాయి. న్యూజెర్సీలో గుండె డాక్టరు ప్రభాకర్, ఆయన భార్య విజయ, ఇండియా నుంచి వచ్చిన ఆయన తల్లి కనకమ్మ గారు ఒక బండిలో. ప్రభాకర్ స్నేహితుడు మూర్తి, అతని భార్య రెండో బండిలో. మూర్తి బావగారి కుటుంబం మూడో బండిలో. కనకమ్మ గారికి డెబ్బై దాటాయి. అమెరికా అంతా చూపించాలని ప్రభాకర్ పట్టుదల. నయాగరా అయిపోయింది, ఎడారి మిగిలింది.

మొదటి సాయంత్రం టెంట్లు వేశాక మూర్తి నా వంట పని చూసి ఉండబట్టలేక అందరికీ చెప్పేశాడు. అతనికి మా ఊరివైపు చుట్టాలున్నారు.

"ఈయన్ని గైడ్ అనుకుంటున్నారేమో. జమీందారు గారండీ బాబూ. టైమ్ బాగుంటే మనందరం ఈయన ముందు చెప్పులు విప్పి నిలబడేవాళ్ళం. ఇప్పుడు చూడండి, మనకి పప్పు కలుపుతున్నారు."

"ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి," అన్నాను.

కనకమ్మ గారు మడత కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఏ దివాణం అని అడిగారు. చెప్పాను. ఆవిడ పైట సర్దుకుని తలమీదుగా కప్పుకున్నారు. వాళ్ళాయన ఆ దివాణం రికార్డు గదిలో గుమాస్తాగా చేశారట. మా నాయనమ్మ గారిని ఆవిడ రెండుసార్లు దూరం నుంచి చూశారట.

"కూర్చోండమ్మా," అన్నాను.

"మీరు కూర్చోండి బాబూ," అన్నారు.

నా చేతిలో గరిటె ఉంది, పప్పు అడుగంటుతోంది. నేను కూర్చోలేదు, ఆవిడా కూర్చోలేదు. చివరికి విజయ వచ్చి గరిటె తీసుకుంది. అంతమంది ఎదుట ఒకరు నా కోసం లేచి నిలబడడం నాకు బాగానే ఉంది. ఆ బాగు ఖరీదు మర్నాడు తెలిసింది.

మర్నాడు పొద్దున బయల్దేరాం. ఎండ పెద్దగా అనిపించదు, గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. అందుకని దారిలో చాలాసార్లు ఆపుతాను. ఆపినప్పుడల్లా మగవాళ్ళు దిగి రాళ్ళ వెనక్కి వెళ్ళి వచ్చారు. ఆడవాళ్ళు కార్లలోనే కూర్చున్నారు. నేను కనకమ్మ గారి కిటికీ దగ్గరకు వెళ్ళి, ఏమైనా కావాలా అని అడిగాను.

"అంతా బాగుంది బాబూ. మీరు శ్రమపడకండి."

ఆవిడ చేతిలో గ్లాసు, గ్లాసులో నీళ్ళు ఉన్నాయి. వెనక ట్రంకులో నిండు డబ్బాలు ఉన్నాయి. నీళ్ళ విషయంలో నేను వాల్ట్ మాట ఎప్పుడూ వినలేదు, అవసరానికి రెట్టింపు తీసుకెళ్ళేవాణ్ణి.

మధ్యాహ్నం భోజనానికి ఒక కొండ నీడలో ఆగాం. కనకమ్మ గారు కారు దిగబోయి తలుపు పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. ప్రభాకర్ పరుగెత్తి పట్టుకున్నాడు. నాడి చూశాడు, చాలా వేగంగా కొట్టుకుంటోంది. ఆవిడ కొడుకును గుర్తుపట్టక, వాళ్ళ నాన్న పేరుతో పిలిచారు.

"హార్ట్," అన్నాడు ప్రభాకర్. ముఖం పాలిపోయింది. "వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఎంత దూరం?"

"ఈ దారిలో అయితే చీకటి పడుతుంది. కుదుపులు ఎక్కువ," అన్నాను. "డాక్టరు గారూ, అమ్మగారు పొద్దున్నుంచి ఏం తాగారు?"

"తాగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా తాగానంది."

"మీరు చూశారా?"

ప్రభాకర్ భార్యవైపు చూశాడు. విజయ నేలవైపు చూసింది.

"విజయా, అమ్మ తాగిందా లేదా?"

"గ్లాసు పట్టుకుంటారు. నేను అటు తిరిగినప్పుడు కిటికీలోంచి పారబోస్తున్నారేమో అనిపించింది."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? నేనూ తాగలేదు."

"నువ్వెందుకు తాగలేదు?"

జవాబు మూర్తి భార్య చెప్పింది. ఆవిడ పొద్దున్నుంచి తలనొప్పితో కణతలు నొక్కుకుంటోంది. "ఎందుకేంటి అన్నయ్యగారూ? తాగితే దిగాలి. దిగి ఎక్కడికి వెళ్ళాలి? ఇక్కడ చెట్టు కూడా లేదు. మీరంతా రాయి వెనక్కి వెళ్ళి ఈల వేసుకుంటూ వస్తారు. మేమెవ్వరం తాగలేదు."

ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోకుండా, మూడు కార్లలో ఆడవాళ్ళందరూ ఒకే నిర్ణయం తీసుకున్నారు. మిగిలినవాళ్ళు వయసులో ఉన్నారు కనుక తలనొప్పితో సరిపెట్టుకున్నారు.

ప్రభాకర్ తల్లి చేతి మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలాడు. అది అలాగే నిలబడింది. నాలుక చూశాడు. అంతవరకూ గుండె తప్ప ఏమీ కనపడని మనిషికి ఒక్కసారిగా మిగతాదంతా కనిపించింది.

"డీహైడ్రేషన్. ఎంతసేపైంది యూరిన్ పాస్ చేసి?" అని అడిగాడు.

"నిన్న చీకటి పడ్డాక మేం టార్చి తీసుకుని వెళ్ళాం," అంది విజయ. "అత్తయ్య అప్పుడు కూడా రాలేదు."

నేను బండిలోంచి పెరుగు తీసి పల్చగా చిలికి, ఉప్పూ పంచదారా వేసి ఇచ్చాను. విజయ చెంచాతో నోటి దగ్గర పెట్టింది. కనకమ్మ గారు పెదవులు బిగించేశారు. స్పృహ సగమే ఉంది, పట్టుదల మాత్రం పూర్తిగా ఉంది.

"అత్తయ్యా, కొంచెం."

"వద్దే. తాగితే ఊరుకోనివ్వదు."

"ఊరుకోకపోతే దిగుదాం."

"ఎక్కడ దిగను? దివాణం వారి ఎదుట?" అన్నారు చాలా నెమ్మదిగా. అక్కడున్న అందరికీ వినిపించింది.

ప్రభాకర్‌కి కోపం వచ్చింది. "అమ్మా, ప్రాణం పోతుందే. ఎవరి ముందు సిగ్గు?"

"కేకలెయ్యకురా," అన్నారు ఆవిడ. తాగలేదు.

ఇక్కడ గైడు చేయవలసిన పని ఏమిటో వాల్ట్ నాకు నేర్పలేదు. నేను ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను. దుమ్ములో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆవిడ లేవబోయారు, లేవలేకపోయారు.

"అమ్మా, మా నాయనమ్మ గారిని మీరు దూరం నుంచి చూశారన్నారు. దగ్గర నుంచి నేను చూశాను. ఊరు వెళ్ళాలంటే ముందురోజు నుంచి మంచినీళ్ళు మానేసేవారు. బండికి నాలుగువైపులా తెరలు కట్టేవారు. దారిలో దిగమంటే మర్యాద పోతుందని దిగేవారు కాదు. ఒకసారి అలాగే వెళ్ళి, జ్వరం తెచ్చుకుని, చాలా రోజులు మంచం దిగలేదు. గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిచారు. గాలి కాదు. మూత్రం ఆపుకోవడం."

ఆ మాట మా ఇంట్లో ఆడవాళ్ళ గురించి పైకి అన్నది నేనే మొదటివాణ్ణి అయివుంటాను.

"పెద్ద దొరసానమ్మ గారికా?" అన్నారు కనకమ్మ గారు. కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి.

"ఆవిడకే. అందరికీ వచ్చినట్టే వస్తుందమ్మా. దివాణంలో దానికి వేరే ఏర్పాటేమీ లేదు."

ఆవిడ ఆలోచించారు. "ఇక్కడ తెర లేదుగా," అన్నారు.

"ఇప్పుడు కడతాం."

రెండు బళ్ళు ఎదురెదురుగా కొంచెం ఏటవాలుగా పెట్టించాను. వాటి మధ్య ఒకవైపు టార్పాలిన్ కట్టాం. నాలుగోవైపు ఖాళీగా ఉండిపోయింది. విజయ తన పెట్టెలోంచి నైలెక్స్ చీర ఒకటి తెచ్చి కట్టింది. లోపల గొయ్యి తవ్వి, పక్కన పార పెట్టాం. అప్పుడు నేను, అందరికీ వినపడేటట్టు, "నాకు వస్తోంది, నేను వెళ్ళొస్తాను," అని చెప్పి, రెండో పార భుజాన వేసుకుని, ఎదురుగా కనిపిస్తున్న రాళ్ళ గుట్టవైపు నడిచాను. అలాంటి మాట నలుగురిలో అనడం అదే మొదలు. వీపు వంచలేదు.

"దొరవారి సవారీ," అన్నాడు మూర్తి వెనకనుంచి. "బాకా ఊదమంటారా?"

"ఊదండి," అన్నాను. "మీరూ రండి."

మూర్తి వచ్చాడు. తర్వాత అతని బావగారు, అవసరం ఉన్నా లేకపోయినా ప్రకటించి మరీ వచ్చాడు. వరసగా ముగ్గురం వెళ్ళి వచ్చాం. ఆ తర్వాత మూర్తి భార్య లేచి, "నేను వెళ్తున్నా," అని చీర తెర పక్కకి తీసింది. బయటికి వచ్చి ఏమీ పట్టనట్టు చేతులు కడుక్కుని, ఒక గ్లాసు నీళ్ళు అందరిముందూ గడగడ తాగింది. విజయ వెళ్ళింది. ఆవిడా తాగింది.

కనకమ్మ గారు ఇదంతా పడుకునే చూస్తున్నారు. "ఇదేం తిరనాళ్ళే," అన్నారు కోడలితో. నోరు తెరిచారు.

చెంచా తర్వాత చెంచా తాగించాం. కొంతసేపటికి గ్లాసు తానే పట్టుకున్నారు. కొడుకును సొంత పేరుతో పిలిచి, ఎండలో టోపీ లేకుండా ఎందుకున్నావని కోప్పడ్డారు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు, ప్రభాకర్ తప్ప.

అతను నన్ను పక్కకి పిలిచాడు. "తాగడం సగమే. కిడ్నీలు పనిచేస్తున్నాయో లేదో యూరిన్ వస్తే గానీ తెలీదు. ఈ వయసులో ఇంతసేపు ఎండితే ఒక్కోసారి అవి షట్‌డౌన్ అయిపోతాయి. నేను వెయిట్ చెయ్యలేను. బయల్దేరదాం."

ఆ మాట సబబే. ఇప్పుడు ఆవిడ కుదుపులు తట్టుకోగలరు. నా బండి ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. వెనక సీట్లో ప్రభాకర్, విజయ. ప్రభాకర్ బండి మూర్తి బావగారి కొడుకు నడిపాడు. టార్పాలిన్ విప్పి మడుస్తుంటే కనకమ్మ గారు కిటికీలోంచి చూశారు.

"మరి తెర?" అన్నారు.

"మీతోపాటే వస్తుందమ్మా. చెప్పిన చోట కడతాం."

కొడుకు ప్రతి కొద్దిసేపటికీ, "అమ్మా, వస్తోందా?" అని అడుగుతున్నాడు. మూడోసారికి ఆవిడ, "నీకెందుకురా?" అన్నారు. అతను అడగడం మానేశాడు, అద్దంలో అతని ముఖం కనిపిస్తోంది. పెద్ద ఆస్పత్రిలో రోజూ ఇతరుల తల్లుల గురించి నిర్ణయాలు తీసుకునే మనిషి. నేను వేగం పెంచలేదు. ఇలాంటప్పుడు వేగం పెంచే గైడు ఇరుసు విరగ్గొడతాడు, అప్పుడు అందరూ నడుస్తారు.

ఎర్రమట్టి నేల దాటాం. తెల్లటి ఉప్పుపర్ర అంచున చాలాదూరం పోయాం. ఎక్కడా రాయి లేదు, మిట్ట లేదు, మనిషి ఎత్తు తుప్ప లేదు. చూపు ఆనినంతమేరా చాప పరిచినట్టు ఉంది. ఆ దారిలో దిగడానికి అంతకంటె బట్టబయలు చోటు లేదు. సరిగ్గా అక్కడ కనకమ్మ గారు డాష్‌బోర్డు మీద చెయ్యి వేశారు.

"బాబూ, ఆపించండి," అన్నారు.

ఆపాను. వెనక మూడు బళ్ళూ ఆగాయి. ప్రభాకర్ తలుపు తీసుకుని దూకాడు, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. మూర్తీ, బావగారూ ఎవరూ చెప్పకుండానే టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గాలికి అది ఎగిరిపోతుంటే ఇద్దరూ చెరో కొసా కాళ్ళకింద తొక్కిపట్టుకున్నారు. విజయ, మూర్తి భార్య చీర పట్టుకున్నారు. మగవాళ్ళందరం వీపులు తిప్పి, పడమటివైపు చూస్తూ వరసగా నిలబడ్డాం. అక్కడ చూడడానికి ఏమీ లేదు. చాలాసేపు దాన్నే చూశాం.

గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. ప్రభాకర్ పెదవులు కదులుతున్నాయి. దేవుడి పేరో, మందుల పేర్లో తెలియదు.

"రండి అత్తయ్యా, మెల్లిగా," అన్న విజయ గొంతు వినిపించింది. తర్వాత విజయే, ఇంగ్లీషులో, వైద్యుడికి చెప్పినట్టు, "గుడ్. క్వైట్ ఎ లాట్," అంది.

ప్రభాకర్ కింద కూర్చుండిపోయాడు, ఆ ఉప్పునేల మీదే. మేం ఎవ్వరం అతనివైపు చూడలేదు.

కనకమ్మ గారు కోడలి భుజం పట్టుకుని వచ్చి సీట్లో కూర్చున్నారు. చెంగు సర్దుకున్నారు, తలమీద కప్పుకోలేదు. నేను తలుపు వేయబోతుంటే ఆపారు.

"తొందరేముంది బాబూ," అన్నారు. "ఆ నీళ్ళ డబ్బా ఇలా దింపు. అందరూ తాగాకే కదులుదాం."